వైరస్ అణిగింది, మరి గుండె మాట?



పోయిన నెల శ్రోతల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని రెండు మూడుసార్లు చదువుకోవలసి వచ్చింది. రాసినావిడ పేరూ రాయలేదు, ఊరూ రాయలేదు. "మా ఆడపడుచు పదహారేళ్ళుగా హెచ్.ఐ.వి. మందులు వాడుతున్నది. ఇంతకాలం నిక్షేపంలా వుంది. ఈమధ్య నీళ్ళబిందె ఎత్తుకుంటే ఆయాసం వస్తోందంటే చూపించాం. బి.పి. ఎక్కువగా వుంది, గుండె పరీక్ష కూడా చేయించమన్నారు. ఇన్నేళ్ళు మింగిన మాత్రల వేడికే గుండె దెబ్బతిన్నదనీ, కొన్నాళ్ళు అవి మానేసి చూడమనీ తెలిసినవాళ్ళు అంటున్నారు. మానెయ్యమంటారా?" ఇదీ ఉత్తరం.

మానెయ్యవద్దు. ఈ ఒక్కమాటా ముందే చెప్పేస్తున్నాను. పొయ్యిమీద పాలు పెట్టి రేడియో వింటూ, పొంగు వచ్చిందంటే పరుగెత్తేవాళ్ళం మనం. సగం విన్నవాళ్ళు మరోలా అర్థం చేసుకోకూడదు కదా! ఎందుకు మానకూడదో, గుండె సంగతి ఏం చెయ్యాలో ఇప్పుడు నిదానంగా చెప్పుకుందాం. నేను మెట్రిక్ దాకా చదివిన గృహిణిని, డాక్టర్ని కాను. పెద్ద పరిశోధనల్లో తేలిన విషయాలని మన ఇంటిభాషలోకి తెచ్చి చెప్పడం వరకే నా పని.

అసలు హెచ్.ఐ.వి. వున్నవాళ్ళ గుండెజబ్బు గురించి మాట్లాడుకునే రోజు రావడమే ఒక విధంగా సంతోషించవలసిన విషయం. మన దేశంలో ఈ వైరస్‌ని మొదట కనుక్కున్నది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల అనే ఇద్దరు ఆడవాళ్ళు ఆ పని చేశారు. ఆ తర్వాత పదేళ్ళ దాకా రోగి చేతిలో పెట్టడానికి సరైన మందంటూ లేదు. 1996 ప్రాంతంలో మూడు మందుల్ని కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది గాని, ఆ ధరలు మన బోటివాళ్ళకి అందేవి కావు. 2004 ఏప్రిల్ 1వ తేదీన ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. జబ్బు ఎక్కువగా వున్న ఆరు రాష్ట్రాల్లోనూ, ఢిల్లీలోనూ ముందు ఆరంభించారు. ఆ ఆరింటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పటికీ హెచ్.ఐ.వి. వున్నవాళ్ళ సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే.

మందులు రాకముందు ఈ జబ్బు మనుషుల్ని ముప్ఫై, నలభై ఏళ్ళకే క్షయతోనో, నిమోనియాతోనో తీసుకుపోయేది. గుండెజబ్బు వచ్చేంత వయసు వాళ్ళకి దక్కేది కాదు. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు ఎంతమందో వున్నారు. వయసు వచ్చాక మనందరికీ వచ్చే జబ్బులు వాళ్ళకీ వస్తున్నాయి. అంతవరకు అయితే వింత లేదు. అయితే గుండెజబ్బు వాళ్ళకి మనకన్నా ఎక్కువగా, కొంత ముందుగా వస్తోంది. అక్కడే మనం చెవి పెట్టి వినాలి.

అనేక దేశాల పరిశోధనలన్నీ కలిపి 2018లో లెక్క వేశారు. హెచ్.ఐ.వి. వున్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చే అవకాశం లేనివాళ్ళకన్నా రెండింతలు అని తేలింది. అమెరికాలో మాజీ సైనికులు ఎనభైరెండు వేల మందిని పరిశీలించి 2013లో ఇంకో మాట చెప్పారు. మందులతో వైరస్ బాగా అణిగి వున్నవాళ్ళలో కూడా గుండెపోటు ప్రమాదం దాదాపు ఒకటిన్నర రెట్లు వుందట. వాళ్ళలో నూటికి తొంభైఆరు మందికి పైగా మగవాళ్ళే. మరి ఆడవాళ్ళ మాటేమిటి? బోస్టన్ ఆస్పత్రుల రికార్డులు చూసి 2007లో వేసిన లెక్క ప్రకారం, హెచ్.ఐ.వి. వున్న మగవాళ్ళకి గుండెపోటు తక్కిన మగవాళ్ళకన్నా 1.4 రెట్లు ఎక్కువైతే, హెచ్.ఐ.వి. వున్న ఆడవాళ్ళకి తక్కిన ఆడవాళ్ళకన్నా దాదాపు మూడు రెట్లు. "గుండెపోటు మగవాళ్ళ జబ్బమ్మా, మనకెందుకొస్తుంది" అనే అమ్మలక్కలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకిలా అవుతుంది? మీలో కుంపటి వాడినవాళ్ళు వుంటే సులువుగా అర్థమవుతుంది. వంట అయిపోయాక బొగ్గుల మీద నివురు కమ్ముకుంటుంది. మంట కనపడదు. చెయ్యి పెడితే మాత్రం కాలుతుంది. మందులు పడ్డాక వైరస్ పని అలాంటిదే. రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా అణిగిపోతుంది, కాని శరీరంలో ఏదో మూల దాగే వుంటుంది. దాన్ని కనిపెట్టుకుని వుండే మన రక్షణశక్తి నిద్రపోదు, రాత్రింబగళ్ళు సన్నగా రగులుతూనే వుంటుంది. ఈ సెగ ఏళ్ళ తరబడి తగిలేది రక్తనాళాల లోపలి పొరకి. ఆ పొర పాలమీద మీగడంత సుకుమారమైనది. సెగకి అది కందిపోతే అక్కడ కొవ్వు చేరి చిన్న పొక్కులా లేస్తుంది. ఆ పొక్కు ఒకనాడు చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెకి వెళ్ళే నాళంలో అయితే గుండెపోటు, మెదడుకి వెళ్ళేదాంట్లో అయితే పక్షవాతం. హెచ్.ఐ.వి. వున్నవాళ్ళలో ఈ పొక్కులు గట్టిపడకుండా మెత్తగా, తేలిగ్గా చిట్లే రకంవి ఎక్కువగా వుంటున్నాయని స్కానింగుల్లో చూశారు.

ఈ సెగకి పేగులు కూడా ఒక కారణం. మన ఒంటికి కాపలా కాసే సి.డి.4 కణాలు పేగుల గోడల్లో చాలా వుంటాయి. వైరస్ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే అక్కడి కాపలాని చాలావరకు తుడిచిపెట్టేస్తుంది. ఆ గోడ తర్వాత ఎంత బాగుపడినా పూర్తిగా పూడదు. పేగుల్లో వుండే సూక్ష్మజీవుల తునకలు కొద్దికొద్దిగా రక్తంలోకి వూరుతూంటాయి. వాటిని చూసి రక్షణకణాలు మళ్ళీ రేగుతాయి. పేగుకీ గుండెకీ సంబంధమేమిటి అనుకుంటాం గాని, ఇదిగో ఇలా వుంది.

ఇప్పుడు మాత్రల సంగతికి వద్దాం. వాటి దోషం ఏమీ లేదంటే నేను అబద్ధం చెప్పినట్టే. మొదటి రోజుల్లో ఇచ్చిన స్టావుడిన్ అనే మందు కొందరికి బుగ్గలు పీక్కుపోయేలా, చేతులూ కాళ్ళూ సన్నబడేలా చేసేది. ఆ ముఖం చూసి వీధిలోవాళ్ళు జబ్బు పేరు చెప్పేసేవారు. దాన్ని వాడుకలోంచి తీసేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. పాత మందుల్లో కొన్ని రక్తంలో కొవ్వు పెంచేవి. అబకావిర్ అనే మందు వాడుతున్నవాళ్ళలో గుండెపోటు ఎక్కువగా కనిపిస్తోందని 2008లో ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టింది. అందుకే గుండెజబ్బు వున్నవాళ్ళకి అది ఇచ్చేముందు డాక్టర్లు ఆలోచిస్తారు. ఇప్పుడు మన ఏ.ఆర్.టి. కేంద్రాల్లో ఎక్కువమందికి ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర. వైరస్‌ని బాగా అణుస్తుంది. డోలుటెగ్రావిర్‌తో కొందరికి, అందులోనూ ఆడవాళ్ళకి, బరువు పెరుగుతోంది. జబ్బు మనిషి కాస్త ఒళ్ళు చేస్తే ఇంట్లోవాళ్ళు సంబరపడతారు, సహజమే. కాని ఆ పెరుగుదల ఒక హద్దులో ఆగాలి.

మరి మందుల్లో దోషం వుంటే కొన్నాళ్ళు ఆపితే గుండెకి మంచిదే కదా అని, ఉత్తరంలో చెప్పిన ఆ తెలిసినవాళ్ళే కాదు, పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా అనుకున్నారు. ఊరికే అనుకోక పరీక్షించి చూశారు. 2002లో మొదలుపెట్టి 33 దేశాల్లో 5,472 మందిని తీసుకున్నారు. సగం మందికి మందు ఆపకుండా ఇచ్చారు. మిగతా సగం మందికి సి.డి.4 లెక్క 350 దాటితే ఆపి, 250కి దిగితే మళ్ళీ మొదలుపెట్టారు. స్మార్ట్ అని ఆ పరిశోధన పేరు. మందు ఆపినవాళ్ళకి కొన్ని ఇతర జబ్బులు పెరిగినా గుండె, మూత్రపిండాలు, కాలేయం బాగుపడతాయని ఆశ. జరిగింది వేరు. ఆపుతూ వేస్తూ వున్నవాళ్ళలో జబ్బు ముదిరినవాళ్ళూ, చనిపోయినవాళ్ళూ రెండింతలకి పైగా అయ్యారు. గుండె, మూత్రపిండాలు, కాలేయాల జబ్బులు కూడా వాళ్ళలోనే ఎక్కువ, 1.7 రెట్లు. 2006 జనవరిలో ఆ పరిశోధనని మధ్యలోనే ఆపేసి అందరికీ మళ్ళీ మందులు మొదలుపెట్టమన్నారు. మందు ఆపగానే నివురు తొలగి నిప్పు భగ్గుమంటుంది, ఆ మంట గుండెకీ తగులుతుంది అన్నమాట. మాత్రల వేడి అని మనవాళ్ళు అంటారే, ఆ వేడికన్నా ఈ మంట వెయ్యిరెట్లు చెడ్డది. ఒక మందు పడకపోతే డాక్టరుగారు మార్చి ఇంకోటి ఇస్తారు. మార్చడం వేరు, మానడం వేరు.

ఇక మనందరికీ సామాన్యంగా వుండే కారణాలు వీళ్ళకీ వున్నాయి. నన్నడిగితే మన చేతిలో వున్నవి ఇవే. ముందు పొగాకు. డెన్మార్కులో ఒక లెక్క వేశారు. మంచి మందులు వాడుతున్న హెచ్.ఐ.వి. రోగులు వైరస్ వల్ల సుమారు అయిదేళ్ళ ఆయుష్షు పోగొట్టుకుంటుంటే, సిగరెట్ల వల్ల పన్నెండేళ్ళు పోగొట్టుకుంటున్నారట! వైరస్‌ని చూసి భయపడి, సిగరెట్‌ని చూసి నవ్వుకుంటారు మన మగవాళ్ళు. ఆడవాళ్ళకి ఈ బెడద లేదనుకోకండి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు చుట్ట కాలే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఈనాటికీ వున్నారు. బీడీలు చుడుతూ పొగాకు నమిలేవాళ్ళు వేరే. గుండెకి అన్నీ ఒకటే.

తర్వాత ఉప్పు. రోజు మొత్తానికి మనిషికి ఒక చిన్న చెంచాడు, అంటే 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపలు, ఇవి లేనిదే ముద్ద దిగని మనకి ఆ చెంచాడు పొద్దున్న పూటే అయిపోతుంది. పచ్చళ్ళు మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పినా మీరు వినరు. కానీ ముద్దపప్పులో ఆవకాయ కలుపుకున్న రోజున కూరలో ఉప్పు సగానికి తగ్గించవచ్చు, అప్పడం జోలికి పోకుండా వుండవచ్చు. గారెలు వేసిన నూనెని దాచి మర్నాడు మళ్ళీ కాచడం కూడా తగ్గించుకోవాలి. మిగిలిన అన్నం, కూర పారెయ్యలేక మనమే తినేసే అలవాటు ఒకటుంది మన ఆడవాళ్ళకి. గిన్నె శుభ్రపడుతుంది, నడుం పెరుగుతుంది.

ఆ నడుం కొలిచి చూసుకోవచ్చు. జాకెట్టు కొలతలు తీసే టేపు ఇంట్లో వుంటుంది కదా, బొడ్డుకి కాస్త పైన, ఊపిరి వదిలి, బిగించకుండా చుట్టండి. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్తపడాలి. మగవాళ్ళకి 90, అంటే ముప్ఫై అయిదున్నర. బి.పి. 140/90 దాటి వుంటున్నదంటే దానికి మందు కావాలి. మందుల కోసం కేంద్రానికి వెళ్ళినప్పుడు "బి.పి. కూడా చూడండమ్మా, షుగరు, కొవ్వు పరీక్షలు ఎప్పుడు రాస్తారు" అని నోరు తెరిచి అడగండి. అక్కడ రద్దీ ఎక్కువ. మాత్రల డబ్బా చేతిలో పడగానే బస్సు పోతుందని పరుగెత్తుకొచ్చేస్తాం. ఆ అయిదు నిమిషాలూ ఆగాలి.

ఇప్పుడు ఒక మంచి వార్త. హెచ్.ఐ.వి. వున్నవాళ్ళకి గుండెపోటు రాకుండా ముందే మందు ఇస్తే ఎలా వుంటుందని 2015లో రిప్రీవ్ అనే పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. 12 దేశాలు, మన దేశం కూడా అందులో వుంది. 40 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళు 7,769 మంది. మూడోవంతుకి కొంచెం తక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళందరూ హెచ్.ఐ.వి. మందులు వాడుతున్నవాళ్ళే, గుండెజబ్బు ఇంకా రానివాళ్ళే, పైగా మామూలు లెక్కల ప్రకారం పెద్దగా ప్రమాదం లేదనిపించినవాళ్ళు. సగం మందికి రోజూ పిటవాస్టాటిన్ అనే కొవ్వు తగ్గించే మాత్ర, 4 మిల్లీగ్రాములు. మిగతావాళ్ళకి అచ్చం అలాగే వుండే ఉత్త మాత్ర. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. అయిదేళ్ళు గడిచేసరికి మందు పడ్డవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం వంటివి నూటికి 35 వంతులు తగ్గాయి. ఉత్త మాత్ర వాళ్ళలో ఏడాదికి వెయ్యిమందిలో ఏడుగురికి పైగా దెబ్బతింటే, మందు వాళ్ళలో అయిదుగురికి లోపు. ఫలితం ఇంత స్పష్టంగా కనిపించాక కొనసాగించడం న్యాయం కాదని 2023లో ముందుగానే ముగించారు. 2024లో అమెరికా నిపుణులు, 40 దాటిన హెచ్.ఐ.వి. రోగుల్లో ప్రమాదం ఒక మోస్తరుగా వున్నా సరే స్టాటిన్ ఇమ్మని సిఫారసు చేశారు.

కొందరికి కండరాల నొప్పులు వచ్చాయి, కొందరికి షుగరు కాస్త పెరిగింది, అదీ చెప్పాలి. నూటికి ఒకరిద్దరి తేడా. ఇది విని రేపే మందుల షాపుకి వెళ్ళి "కొవ్వు మాత్ర ఇవ్వండి" అని కొనేస్తారేమో, అలా చెయ్యకండి. స్టాటిన్లు చాలా రకాలు. రిటోనావిర్ కలిసిన హెచ్.ఐ.వి. మందులు వాడేవాళ్ళు సింవాస్టాటిన్, లోవాస్టాటిన్ అనేవి అసలు వేసుకోకూడదు. రిటోనావిర్ వాటిని ఒంట్లోంచి పోనివ్వదు, రక్తంలో విపరీతంగా పేరుకుని కండరాలు కరిగి మూత్రపిండాలకి ముప్పు వస్తుంది. ఏ మందుకి ఏది జోడీయో డాక్టరే చెప్పాలి.

అలా చెప్పాలంటే ఆయనకి మనం వాడే మందులన్నీ తెలియాలి కదా! నాకు ఎక్కువగా బెంగ కలిగించేది ఈ విషయమే. ఏ.ఆర్.టి. కేంద్రపు పుస్తకం బియ్యం డబ్బా అడుగున దాస్తారు. గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "వేరే మందులేమైనా వాడుతున్నావా అమ్మా" అంటే తల అడ్డంగా ఊపుతారు. అటు ఏ.ఆర్.టి. కేంద్రంలో ఆయాసం సంగతి చెప్పరు, "వాళ్ళు ఆ జబ్బే చూస్తారు కదా" అనుకుంటారు. ఒక మనిషికి రెండు పుస్తకాలు, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. పక్కింటివాళ్ళకి చెప్పమనడం లేదు. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. డాక్టరుకి మాత్రం దాచకూడదు. 2017లో పార్లమెంటు చేసిన చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో వుంది. హెచ్.ఐ.వి. వుందని వైద్యం నిరాకరించడం, అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడం రెండూ దాని ప్రకారం నేరుగా తప్పులే. చట్టం వున్నంత మాత్రాన అందరూ మంచిగా చూస్తారని నేననను. ముఖం చిట్లించేవాళ్ళు వుంటారు. అలాంటి చోట ఇంకో డాక్టర్ని వెతుక్కోవాలి గాని మందుల సంగతి మింగేయకూడదు.

చిన్న చిన్న మందుల దగ్గర కూడా తిరకాసు వుంది. డోలుటెగ్రావిర్ వాడేవాళ్ళు గుండెల్లో మంట అని తెల్లటి ఎసిడిటీ సిరప్పు తాగుతారనుకోండి. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం ఆ మాత్రని పట్టేసుకుని రక్తంలోకి ఎక్కనివ్వవు. సిరప్పుకి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకీ ఇదే నియమం, కాకపోతే అన్నంతోపాటయితే వాటిని కలిపి వేసుకోవచ్చు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళూ చెప్పాలి, డోలుటెగ్రావిర్‌తో దాని మోతాదు తగ్గించవలసి వుంటుంది.

పైగా ఆ గుండెల్లో మంట నిజంగా గ్యాసేనా? ఆడవాళ్ళకి గుండెపోటు సినిమాల్లోలాగా ఛాతీ పట్టుకుని పడిపోవడంతోనే రాదు. దవడ లాగడం, వీపులో, భుజంలో నొప్పి, వాంతి వచ్చినట్టుండడం, చల్లటి చెమటలు, ఎప్పుడూ లేని నీరసం, పని చేస్తే ఆయాసం, ఇలా కూడా వస్తుంది. "గ్యాస్ పట్టిందిలే" అని వాము నమిలి పడుకుంటారు. నొప్పి, ఆయాసం, చెమటలు తగ్గకుండా వుంటే వాము నమలడం కాదు, 108కి ఫోన్ చెయ్యాలి. ఆస్పత్రిలో దిగగానే హెచ్.ఐ.వి. మందుల పేర్లు కూడా చెప్పాలి. వాటి పేర్లు నోరు తిరగవు కనుక ఒక చీటీ మీద రాసి పర్సులోనో, తాళిబొట్టు డబ్బాలోనో, ఎక్కడ దాచుకుంటారో అక్కడ పెట్టుకోండి. పక్కనే మీకు నమ్మకమైన ఒక్క మనిషికి ఆ చోటు తెలిసి వుండాలి.

మందుల గురించిగాని, దగ్గర్లో ఏ.ఆర్.టి. కేంద్రం ఎక్కడుందోగాని, వైద్యం నిరాకరిస్తే ఎవరికి చెప్పుకోవాలోగాని తెలియకపోతే 1097 నంబరుకి ఫోన్ చెయ్యండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.